నాగరత్నమ్మగారి జమాఖర్చులు

కళలు సమాజానికి ఏం చేస్తాయన్న ప్రశ్న మన సభల్లో తరచు వింటూంటాం. మనసుకు ఆహ్లాదం, జాతికి సంస్కారం అని జవాబు చెప్పి, శాలువా కప్పించుకొని వక్తలు దిగిపోతారు. బి.కాం. చదివి, బ్యాంకు పద్దుల మధ్య తల నెరిసిన నాకు ఆ జవాబు చాలదు. ఎవరెంత పెట్టారు, చివరికి ఎవరికేం మిగిలింది అని అడగడం మా వృత్తిధర్మం. ఆ లెక్క చూడడానికి మన ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన ఒకావిడ జీవితం కంటే మంచి పద్దు నాకు కనబడలేదు. ఆవిడే బెంగుళూరు నాగరత్నమ్మ.

1878లో నంజనగూడులో దేవదాసి పుట్టలక్ష్మికి పుట్టారు. కన్నడ గడ్డ మీద పెరిగినా సంస్కృతం, తెలుగు పట్టుదలగా నేర్చారు. బెంగుళూరులో మునుస్వామప్పగారి దగ్గర సంగీతం అభ్యసించి, ఆ తరువాత మద్రాసు చేరి, కచేరీలతో పేరూ ధనమూ గడించారు. ఆ రోజుల్లోనే ఆదాయపు పన్ను కట్టిన గాయని ఆవిడ.

ఆవిడ మొదటి పెట్టుబడి ఒక పుస్తకం. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను, రాతప్రతి సంపాదించి, పాఠాలు సరిచూసి, 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించారు. ఆ కావ్యంలోని శృంగారాన్ని వీరేశలింగం పంతులుగారు అంతకు ముందే తప్పుపట్టి ఉన్నారు. మగకవుల ప్రబంధాలకు లేని సిగ్గు ఆడదాని కావ్యానికి మాత్రం ఎందుకన్నది నాగరత్నమ్మగారి వాదం. 1911లో ప్రభుత్వం అసభ్యమంటూ ఆ పుస్తకం మీద చర్య తీసుకుంది. నిషేధం మూడు దశాబ్దాలకు పైగా సాగింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడుగాని అది తొలగలేదు. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చు వేశారు.

వితంతు వివాహాలు జరిపించిన వీరేశలింగంగారి ఋణం తెలుగుజాతి తీర్చుకోలేనిది. అయినా ఈ ఒక్క తగాదాలో నేను నాగరత్నమ్మగారి పక్షమే. స్త్రీల మేలు కోరడం ఒకటి, స్త్రీ చెప్పే మాట వినడం మరొకటి. మొదటిది సంస్కరణ నేర్పుతుంది. రెండోది నేర్పడానికి కావ్యమో పాటో కావాలి.

రెండో పెట్టుబడి తిరువయ్యూరులో. 1847లో సిద్ధి పొందిన త్యాగరాజస్వామి సమాధి శిథిలమైందని విని, 1921లో ఆవిడ ఆ పని తలకెత్తుకున్నారు. కచేరీల సంపాదన, నగలు అందులో పెట్టి గుడి కట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. ఇంతా చేస్తే, ఆరాధనలో ఆడవాళ్లు పాడడానికి వీల్లేదన్నారు పెద్దలు! ఆవిడ ఊరుకోలేదు. స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఒకటైన తరువాత ఆడవాళ్లకూ అక్కడ చోటు దక్కింది. ఉన్న ఆస్తిని ఆ సమాధికే రాసిచ్చి, 1952లో కన్నుమూశారు. స్వామి సమాధికి దగ్గరలోనే ఆవిడ సమాధి కూడా ఉంది.

ఇక జమా వైపు చూద్దాం. చామరాజపేటలో 1939 నుంచి జరుగుతున్న రామనవమి సంగీతోత్సవాలకు వెళ్లండి. శ్రోతల్లో కన్నడిగులు, తమిళులే ఎక్కువ. పాటల్లో తెలుగే ఎక్కువ. మా వీధిలో పిల్లలు త్యాగరాజ కీర్తనలను కన్నడ లిపిలో రాసుకొని వల్లిస్తారు. వేదిక మీద ఆడపిల్ల పాడుతుంటే ఇప్పుడు ఎవరికీ వింతగా తోచదు. కన్నడసీమ ఆడపడుచు తెలుగు కావ్యాన్ని కాపాడి, తెలుగు వాగ్గేయకారుడికి తమిళనాట గుడి కట్టినందువల్ల, మూడు భాషలవాళ్లం ఒక పందిరి కింద కూర్చోగలుగుతున్నాం. అల్పసంఖ్యాకులమైన మనకు ఇంతకంటే పెద్ద ఆస్తి ఏముంది?

ఖర్చు వైపు కూడా దాచకూడదు. ఆవిడ ఏ కులవృత్తిలో పుట్టారో ఆ వృత్తి స్త్రీలు శతాబ్దాలు మోసిన సంగీత సాహిత్యాలను మనం తీసుకున్నాం. వాళ్లను మాత్రం గడప బయటే నిలబెట్టాం. ఆ బాకీ ఇంకా తీరలేదు.

మన సంఘాలు ఉగాదికి సినిమా పాటల బృందాలను పిలుస్తాయి. పిలవనివ్వండి, తప్పు లేదు. ఆ ఖర్చులో పదోవంతు మిగిల్చి, ఏడాదికొక పాత తెలుగు పుస్తకం అచ్చు వేయించలేమా? ఒక పేద పిల్లకు సంగీతం జీతం కట్టలేమా? నాగరత్నమ్మగారు ఒక్కరే అంత చేశారు; మనం ఇంతమందిమి ఉన్నాం.