శిక్షకుని మార్పు – వ్యూహ కొనసాగింపు: హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం వారసత్వం

1. ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర రచనలో విజయాలను శిక్షకుని పేరిట, పరాజయాలను అతని నిష్క్రమణ పేరిట నమోదు చేయడం పరిపాటి. హైదరాబాద్ ఫుట్‌బాల్ విషయంలోనూ ఇదే జరిగింది. సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఉన్నంతకాలం వైభవం, ఆయన మరణంతో పతనం అనే కథనం స్థిరపడిపోయింది. ఈ కథనం కాలక్రమానికి నిలబడదు. రహీం మరణించిన వెంటనే పతనం రాలేదు. కొన్నేళ్ల తరువాత వచ్చింది. ఆ జాప్యానికి కారణమేమిటో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాఠశాల నుంచి పోలీసు జట్టు వరకు

రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టుకు ఆడారు. 1943 నుంచి మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడిగా పనిచేశారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950, 1954 సంవత్సరాలలో డ్యూరాండ్ కప్ కూడా సాధించింది.

ఆయన శిక్షణలో ప్రత్యేకత ఆటలకు పెట్టిన నియమాలలో కనిపిస్తుంది. బంతిని కాలితో నడిపించుకుంటూ పోకుండా వెంటనే సహచరునికి అందించవలసిన పోటీలను, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన నిర్వహించారు. అలవాటైన మార్గం మూసుకుపోయినప్పుడే ఆటగాడు మరో మార్గం వెతుకుతాడు. ఆ నియమాల ఆంతర్యం ఇదే. సంఘ కార్యదర్శి, జట్టు శిక్షకుడు ఒక్కరే కావడంవల్ల ఈ పద్ధతి చిన్న పోటీల నుంచి పెద్ద జట్టు వరకు ఒకే తీరుగా సాగింది.

3. హెల్సింకి నుంచి జకార్తాకు

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో ఓడింది. ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్ల తరువాత మెల్బోర్న్‌లో అదే శిక్షకుని ఆధ్వర్యంలో జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం తదితర హైదరాబాద్ ఆటగాళ్లు ఆ బృందంలో ఉన్నారు. ఘోర పరాజయం తరువాత శిక్షకుణ్ణి కాక పద్ధతిని మార్చుకున్న సందర్భంగా దీనిని గుర్తించాలి.

1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత్ తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. థాయిలాండ్‌తో ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. సెమీఫైనల్‌లో రహీం అతణ్ణి ముందువరుసలో నిలిపారు. అక్కడ అతడు గోలు చేశాడు. ఫైనల్‌లో అదే కొరియాపై మరో గోలు చేశాడు. పి.కె. బెనర్జీ చేసిన గోలుతో కలిపి భారత్ 2–1తో స్వర్ణం గెలిచింది. స్థానం మారినా ఆటను చదవగల శక్తి ఉన్నవారితోనే ఇటువంటి ప్రయోగం సాధ్యమవుతుంది.

4. 1963 తరువాత

క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించారు. 1964 ఆసియా కప్‌లో ఇంగ్లండుకు చెందిన హ్యారీ రైట్ శిక్షణలో భారత్ రెండో స్థానం పొందింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం సాధించిన జట్టుకు నాయకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. అందులో మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నాడు. శిక్షణ బాధ్యతలలో రహీం శిష్యుడైన పి.కె. బెనర్జీ ఉన్నారు.

ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు పతకం లేదు. సంతోష్ ట్రోఫీ కూడా తెలుగు నేలకు తిరిగి రాలేదు. ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వలసపోవడమే దీనికి కారణమనడం సరిపోదు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. అయినా హైదరాబాద్ 1956–57, 1957–58లలో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. వెళ్లినవారి చోటును నింపే కొత్తవారు అప్పుడు తయారవుతుండేవారు. తరువాత ఆ తయారీ సన్నగిల్లిందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

5. ఒక పోలిక

అమెరికన్ కళాశాలల ఫుట్‌బాల్ వేరే ఆట అయినా ఇక్కడ ఉపకరిస్తుంది. అందులో 'ఆప్షన్' అనే దాడి వ్యూహం ఉంది. ప్రత్యర్థి రక్షకులలో ఒకరిని కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తారు. అతడు ఎటు కదులుతాడో చూసి, బంతిని తానే తీసుకుపోవాలో మరొకరికి ఇవ్వాలో క్వార్టర్‌బ్యాక్ ఆ క్షణంలో నిర్ణయిస్తాడు. జార్జియా టెక్‌లో పాల్ జాన్సన్ 2008 నుంచి 2018 వరకు ఈ వ్యూహాన్నే నడిపారు. ఆయన విరమణ తరువాత వచ్చిన జెఫ్ కాలిన్స్ దానిని విడిచిపెట్టారు. 2019లో జట్టు మూడు ఆటలు గెలిచి తొమ్మిదింటిలో ఓడింది. ఒక పద్ధతికి ఎంపికై, దానిలోనే తర్ఫీదు పొందిన ఆటగాళ్లు మరో పద్ధతిలో ఆడవలసి రావడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

అక్కడ వ్యూహం మారింది, ఆటగాళ్లు మిగిలారు. అందుకే నష్టం వెంటనే బయటపడింది. హైదరాబాద్‌లో శిక్షితులైన తరం ఆడినన్నాళ్లు వ్యూహమూ బతికింది. అందుకే నష్టం ఆలస్యంగా బయటపడింది.

6. ముగింపు

వ్యూహం పటంమీది గీతలలో కాక తర్ఫీదు పొందిన తరంలో నిలిచి ఉంటుంది. కాబట్టి శిక్షకుని మార్పు ప్రభావాన్ని మరుసటి ఏడాది ఫలితాలతో కొలవడం పొరపాటు. పదేళ్ల తరువాత ఆ ఊరి పాఠశాలల నుంచి ఎవరు వచ్చారన్నది చూడాలి. రహీం గొప్పతనాన్ని 1962 పతకంతోనే ముగించే రచన, ఆయన నిర్మించిన పునాదిని చూడకుండా పోతుంది. ఆ పునాది ఒక్క వ్యక్తిమీదనే ఆధారపడటం దాని బలం. దాని బలహీనత కూడా అదే.