తలకు కావాల్సిన కుదురు

మా కణేకల్లులో హెల్మెట్ తల మీద కంటే పెట్రోలు ట్యాంకు మీదే ఎక్కువ కనిపిస్తుంది. "రాయదుర్గం దాకానే కదా" అంటారు మన మగవాళ్లు. అసలు ఈ హెల్మెట్ మన తలల మీదికి ఎలా వచ్చిందో తెలుసా?

'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమా పేరు వినే ఉంటారు. ఆ టి.ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంగ్లండులో తన ఇంటికి దగ్గర్లోనే, సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి మోటార్ సైకిల్ మీద నుంచి పడ్డారు. తలకు దెబ్బ తగిలింది. ఆరు రోజులు స్పృహ లేకుండానే ఉండి, 46 ఏళ్లకే పోయారు.

ఆయన్ని చూసిన డాక్టర్లలో మెదడు సర్జన్ హ్యూ కెయిర్న్స్ ఒకరు. తర్వాత ఆయన ఇలాంటి ప్రమాదాలన్నీ పరిశీలించారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్ రోడ్ల మీద 2,279 మంది మోటార్ సైకిళ్ల మీద వెళ్తూ చనిపోయారని 1941లో రాశారు. హెల్మెట్ పెట్టుకుని ప్రమాదంలో పడ్డవాళ్లు ఆయనకు ఏడుగురే దొరికారు. ఏడుగురూ బతికారు! ఆ నవంబరులోనే సైన్యం తన మోటార్ సైకిల్ వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. అక్కడి జనమంతా పెట్టుకోవాలనే చట్టం మాత్రం 1973లో వచ్చింది.

మన దగ్గరా గొడవ జరిగింది. ఆంధ్రప్రదేశ్ హెల్మెట్ నిబంధన మా స్వేచ్ఛకు అడ్డమంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. అది బండి నడిపేవాళ్ల ప్రాణం కోసమేనని 1988లో కోర్టు ఆ వాదన కొట్టేసింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టంలో 129వ సెక్షన్ వచ్చింది. అది వెనక కూర్చునే మనకూ వర్తిస్తుంది.

బిందె ఎత్తుకునే ముందు తల మీద చుట్టకుదురు పెట్టుకోవడం మన అమ్మలకు ఎవరూ చట్టం చేసి చెప్పలేదు. బరువు ఒక్కచోటే పడకుండా అది పరుస్తుంది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొరా అంతే. దెబ్బకు తాను నలిగి, ఆ ఊపు మెదడుకు చేరకుండా తగ్గిస్తుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పనికిరాదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడేటప్పుడు ముందు అదే ఎగిరిపోతుంది.

అంత పెద్ద సర్జన్ కూడా పగిలిన తలను అతికించలేకే, పగలకుండా చూసే దారి వెతికారు. టిఫిన్ బాక్సు చేతికిచ్చేటప్పుడు హెల్మెట్ కూడా ఇవ్వండి. పట్టీ బిగించేదాకా గడప దగ్గరే నిలబడండి.