నీటిలో పోయినవారికి నేలమీద రాయి: ఇంగ్లండు తీరంలోని నావిక, లైఫ్‌బోటు స్మారకాలు

సముద్రంలో మరణించినవారికి సమాధి కట్టడంలో ఒక మౌలికమైన చిక్కు ఉంది. సమాధికి దేహం కావాలి. సముద్రం దేహాన్ని అన్నిసార్లూ తిరిగి ఇవ్వదు. ఇచ్చినా, గుర్తుపట్టలేని స్థితిలో, ఎక్కడో పరాయి ఊరి ఒడ్డున విడిచిపెడుతుంది. ఇంగ్లండు తీరగ్రామాల చర్చి ఆవరణలలోనూ శ్మశానాలలోనూ కనిపించే నావిక స్మారకాలు ఈ చిక్కులోనుంచి పుట్టాయి. వాటిని శోకచిహ్నాలుగా మాత్రమే చూస్తే వాటి చరిత్రలో సగం కనబడకుండా పోతుంది. తెలుగు శాసనాలను చదివేటప్పుడు వేయించినవారెవరు, ఏ సందర్భంలో వేయించారు, ఎవరు చదవాలని వేయించారు అని అడుగుతాము. ఈ రాళ్లనూ అవే ప్రశ్నలు అడగవలసి ఉంది. అలా అడిగినప్పుడు, వీటిలో కొన్ని కేవలం స్మరించడానికి గాక, మృతులపై వచ్చిన, రాగల సందేహాలకు సమాధానం చెప్పడానికి కూడా నిలిచినట్లు అర్థమవుతుంది.

ఇక్కడ లైఫ్‌బోటు దళాల స్వరూపాన్ని కొంత వివరించాలి. తుపానులో చిక్కిన ఓడల నుంచి మనుషులను కాపాడటానికి 1824లో బ్రిటన్‌లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. అదే తరువాత రాయల్ నేషనల్ లైఫ్‌బోటు ఇన్‌స్టిట్యూషన్ అయింది. అది ప్రభుత్వ శాఖ కాదు, విరాళాలతో నడిచే సంస్థ. పడవను సంస్థ సమకూర్చేది. అందులోకి ఎక్కేవారు మాత్రం ఆ ఊరి జాలరులే, స్వచ్ఛందంగా వచ్చేవారే. చిన్న ఊళ్లలో దళమంటే కొన్ని కుటుంబాలే. తండ్రి చుక్కాని పడితే కొడుకులు తెడ్లు వేసేవారు. కనుక ఒక పడవ బోల్తాపడితే ఒకే రాత్రిలో ఒక వంశం దాదాపు తుడిచిపెట్టుకుపోయేది. స్మారకాలపై ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు కనబడటానికి కారణమిదే.

ఖననం: హక్కుగా మారిన తీరు

పేరు చెక్కడం కన్నా ముందు ఖననమే ఒక సమస్యగా ఉండేది. 19వ శతాబ్దం తొలినాళ్ల వరకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన అపరిచిత శవాన్ని చర్చి శ్మశానంలో పూడ్చవలసిన బాధ్యత చట్టప్రకారం ఎవరిపైనా లేదు. ఆ వ్యక్తి ఏ మతస్థుడో తెలియదు. ఖర్చు ఎవరు పెట్టుకుంటారో తెలియదు. అందువల్ల అటువంటి శవాలను ఒడ్డునే గోతులు తీసి, పెట్టె లేకుండా, ప్రార్థన లేకుండా పూడ్చిపెట్టేవారు. 1807 డిసెంబరు చివర కార్న్‌వాల్ తీరంలో లో బార్ అనే చోట బ్రిటిష్ యుద్ధనౌక ఆన్సన్ ఒడ్డు కెక్కి ధ్వంసమైంది. చాలామంది మరణించారు. వారి శవాలను కూడా అదే పద్ధతిలో పూడ్చివేయడం చూసిన స్థానికులు కలతచెందారు. హెల్‌స్టన్ పట్టణ న్యాయవాది థామస్ గ్రిల్స్ ఒక ముసాయిదా తయారుచేయగా, కార్న్‌వాల్ ప్రతినిధి జాన్ హెర్ల్ ట్రిమెయిన్ దానిని పార్లమెంటులో ప్రవేశపెట్టాడు. 1808లో అది చట్టమైంది. ఒడ్డుకు చేరిన ప్రతి శవాన్నీ ఆ పారిష్ అధికారులు పవిత్రభూమిలో ఖననం చేయాలి, ఖర్చు కౌంటీ భరించాలి. గ్రిల్స్ చట్టంగా జనం పిలుచుకొన్న ఈ శాసనం తరువాతే తీరప్రాంతపు చర్చి శ్మశానాలలో పేరు తెలియని నావికుల సమాధులు విస్తరించాయి. అదే దుర్ఘటనను చూసిన హెన్రీ ట్రెన్‌గ్రౌజ్ అనే వ్యక్తి ఓడకూ ఒడ్డుకూ మధ్య తాడు విసిరే రాకెట్ సాధనాన్ని రూపొందించడం ఆసక్తికరమైన మరో సంగతి.

చట్టం పూడ్చమంది గాని గుర్తు పెట్టమనలేదు. ఆ ఖాళీని కొందరు మతాచార్యులు తమకు తోచినట్లు పూరించారు. మార్వెన్‌స్టో చర్చి వికారు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ తన సేవాకాలంలో నలభైమందికి పైగా నావికులను తన చర్చి ఆవరణలో ఖననం చేశాడు. 1842లో ఆ తీరంలో పగిలిపోయిన కాలెడోనియా అనే ఓడ నావికుల సమాధి వద్ద ఆ ఓడ ముందుభాగాన ఉండే చెక్కబొమ్మనే తెచ్చి నిలిపాడు. కత్తి, డాలు పట్టిన స్త్రీమూర్తి అది. కాలక్రమాన పాడవుతున్న అసలు బొమ్మను చర్చి లోపలికి చేర్చి, బయట ప్రతిరూపాన్ని ఉంచారు. మనుషుల గుర్తుగా రాతికి బదులు వారిని మోసిన ఓడ ముక్కే నిలవడం గమనార్హం.

ఒక దుర్ఘటన, పలు శ్మశానాలు

1886 డిసెంబరు 9 రాత్రి లివర్‌పూల్ నుంచి దక్షిణ అమెరికాలోని గ్వాయాకిల్‌కు బయలుదేరిన మెక్సికో అనే హాంబర్గ్ ఓడ రిబుల్ నదీముఖం వద్ద ఇసుకతిన్నెపై చిక్కుకొంది. మూడు ఊళ్ల నుంచి మూడు లైఫ్‌బోట్లు వెళ్లాయి. సెయింట్ ఆన్స్ పడవ లారా జానెట్‌లోని 13 మందీ మరణించారు. సౌత్‌పోర్ట్ పడవ ఎలైజా ఫెర్న్‌లీలో 16 మందికి 14 మంది మరణించారు. లిథమ్ పడవ చార్లెస్ బిగ్స్ ఓడలోని 12 మందినీ క్షేమంగా తెచ్చింది. పన్నెండుమంది అపరిచితులను కాపాడే యత్నంలో ఇరవైయేడుగురు పోయారు. 16 మంది స్త్రీలు వితంతువులయ్యారు. 50 మంది పిల్లలు తండ్రిలేనివారయ్యారు.

మృతులు వేర్వేరు ఊళ్లవారు కావడంవల్ల ఒకే దుర్ఘటనకు పలుచోట్ల స్మారకాలు లేచాయి. సెయింట్ ఆన్స్ పారిష్ చర్చి ఆవరణలో ఒకటి, లిథమ్‌లోని సెయింట్ కత్‌బర్ట్ చర్చి ఆవరణలో ఒకటి, సౌత్‌పోర్ట్ డ్యూక్ స్ట్రీట్ శ్మశానంలో ఒకటి. ఇవిగాక 1888లో సెయింట్ ఆన్స్ సముద్రతీరపు నడకదారిపై విలియం బర్నీ రైండ్ చెక్కిన విగ్రహాన్ని ఆవిష్కరించారు. రాతిగుట్ట వంటి పీఠంపై నిలిచిన లైఫ్‌బోటు నావికుడి రూపమది. చర్చి ఆవరణలోని స్మారకం బంధువుల కోసం, ఆ పారిష్ వారి కోసం నిలిచింది. తీరంలోని విగ్రహం మాత్రం సెలవులకు వచ్చే యాత్రికుల కంటబడేటట్లు నిలిచింది. వీరగల్లు ఊరి పొలిమేరలోనో, గుడి ముంగిటో నిలవడంలోని ఆలోచన ఇంతకు భిన్నమైనదేమీ కాదు. నౌకాయుద్ధంలో పోయినవారికి వేసిన వీరగల్లులు ముంబయి బోరివలి సమీపంలోని ఎక్సర్‌లో ఉన్నాయి కూడా. అయితే వీరగల్లు పోరాడి చంపినవాడిని, చచ్చినవాడిని కీర్తిస్తుంది. లైఫ్‌బోటు నావికుడు ఎవరినీ చంపలేదు. శత్రువు లేని ఈ వీరత్వానికి శిల్పి కొత్త భంగిమ వెతుక్కోవలసి వచ్చింది. దొరికిన భంగిమ ఆయుధం పట్టినది కాదు, నిలబడి చూస్తున్నది.

ఈ రాళ్లు చెప్పని విషయం పడవల గురించినది. ఆ రెండూ బోల్తాపడినా తమంతట తామే నిటారుగా లేచేవిగా పేరుపొందిన రకానివి. ఆ రాత్రి లేవలేదు. లారా జానెట్‌లో ఏమి జరిగిందో చెప్పడానికి ఒక్కడూ మిగలలేదు. పడవ నమూనాపై ప్రశ్నలు విచారణ పత్రాలలో ఉన్నాయి, శ్మశానంలో లేవు. రాయికెక్కని మరో పర్యవసానం విరాళాలది. వితంతువుల సహాయనిధికి విక్టోరియా రాణి, జర్మన్ చక్రవర్తి కూడా సొమ్ము పంపారు. ఆ కలకలం నుంచే, సెయింట్ ఆన్స్ నివాసి చార్లెస్ మకారా చొరవతో, 1891లో మాంచెస్టర్ వీధులలో లైఫ్‌బోటు శనివారం పేరిట బహిరంగ విరాళాల సేకరణ జరిగింది. వీధిలో డబ్బా పట్టుకొని ధర్మకార్యానికి చందా పోగుచేసే ఆధునిక పద్ధతికి దానిని ఆరంభంగా భావిస్తారు. స్మారక విగ్రహం కన్నా ఆ డబ్బాయే లైఫ్‌బోటు కుటుంబాలకు ఎక్కువ చేసిందనడం అతిశయోక్తి కాదు.

కైస్టర్: సాక్ష్యం నినాదమైన వైనం

పాఠచరిత్ర దృష్టితో చూస్తే వీటన్నిటిలో అత్యంత ఆసక్తికరమైనది నార్ఫోక్ తీరంలోని కైస్టర్ ఉదంతం. 1901 నవంబరు 13 రాత్రి సమీపంలోని ఇసుకతిన్నెల వైపు నుంచి ఆపదసంకేతం కనిపించింది. బోషాం అనే లైఫ్‌బోటును నీటిలోకి దించడానికే గంటలు పట్టింది. అర్ధరాత్రి దాటిన తరువాత 12 మందితో బయలుదేరిన పడవ అలల తాకిడికి వెనక్కి నెట్టబడి, ఒడ్డున నేలతాకి, బోల్తాపడింది. మనుషులు దానికింద చిక్కుకొన్నారు. తొమ్మిదిమంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది దేహాలు పడవకిందే దొరికాయి. కొట్టుకుపోయిన తొమ్మిదవ దేహం కొన్ని నెలల తరువాత దొరికింది.

ఆ రాత్రంతా ఒడ్డున తడుస్తూ నిలబడిన 78 ఏళ్ల వృద్ధుడు జేమ్స్ హేలెట్. ఆయన పూర్వం ఆ దళంలో పనిచేసినవాడు. పడవలో ఆయన కొడుకులున్నారు, అల్లుడున్నాడు, మనుమడున్నాడు. కేకలు విని మరో మనుమడితో కలిసి అలలలోకి దిగి, బతికినవారిని బయటికి లాగాడు. అల్లుడు దక్కాడు. ఇద్దరు కొడుకులూ ఒక మనుమడూ దక్కలేదు. సంస్థ ఆయనకు బంగారు పతకమిచ్చింది. ఏడవ ఎడ్వర్డ్ రాజు స్వయంగా దానిని అందజేశాడు.

మృతుల విషయమై కరోనర్ విచారణ జరిగింది. పడవ వెళ్లవలసిన దిక్కున గాక బయలుదేరిన ఒడ్డుకే తిరిగివచ్చి బోల్తాపడింది. కాబట్టి దళం ప్రయత్నం విరమించి వెనక్కి మళ్లిందేమో అన్న సందేహం అక్కడ తలెత్తడం సహజం. హేలెట్ దానికి సమాధానమిచ్చాడు. వారు ఆ ఓడను వదిలిపెట్టేవారు కారనీ, తెల్లవారేదాకా అయినా తిరుగుతూ ఉండేవారనీ, అటువంటి ఆపదసంకేతం కనబడ్డాక వెనక్కి మరలడం నియమవిరుద్ధమనీ ఆయన చెప్పిన మాటల సారాంశం. పత్రికారచయిత చేతిలో ఈ సాక్ష్యం ‘కైస్టర్ మనుషులు ఎన్నడూ వెనుదిరగరు’ అనే అర్థమిచ్చే పొట్టి వాక్యంగా మారింది. హేలెట్ పేరుతో దేశమంతా చెలామణి అయింది.

రెండు పాఠాల మధ్య తేడా స్వల్పమైనది కాదు. ముసలాయన ఒక నియమం గురించి చెప్పాడు. సంకేతం కనబడితే అనే షరతు ఆ నియమంలోనే ఉంది. పత్రికావాక్యంలో షరతు పోయింది, నియమం స్వభావమైంది, ఒక రాత్రి సంఘటన ఎన్నడూ అనే కాలరహిత విశేషణానికి లోబడింది. పైగా మూలంలో అది ఆరోపణకు ప్రతివచనం. కొడుకులను పోగొట్టుకొన్న తండ్రి, వారు పిరికివారు కారని ప్రమాణపూర్వకంగా చెప్పిన మాట. ప్రశ్నను తొలగించి జవాబును మాత్రమే నిలిపేసరికి అది గర్వోక్తిగా వినబడుతుంది. చాటువుల పాఠచరిత్రతో పరిచయమున్నవారికి ఈ పరిణామం కొత్తగా తోచదు. పద్యం నిలుస్తుంది, పుట్టించిన సందర్భం జారిపోతుంది, తరువాత పద్యానికి తగిన సందర్భాన్ని కల్పిస్తారు.

1903 నాటి స్మారకం కైస్టర్ శ్మశానంలో ఉంది. పారిష్ చర్చిలో స్మారక గాజు కిటికీ ఉంది. వాటిని చూడబోయేవారికి ముందుగా వినబడేది మాత్రం ఆ పత్రికావాక్యమే. ఊరిలో ఆ పేరుతో మద్యశాల కూడా ఉంది. 1969లో జాతీయ సంస్థ కైస్టర్ కేంద్రాన్ని మూసివేసినప్పుడు ఊరివారు స్వంతంగా లైఫ్‌బోటు సేవను నిలుపుకొన్నారు. ఆ పట్టుదలకు ఈ వాక్యం కొంత ఊపిరి పోసి ఉండవచ్చు. కాని అది తరువాతి తరాల దళాలపై మోపిన బరువును కూడా లెక్కించాలి. తిరిగి రావడమే వివేకమైన రాత్రులూ ఉంటాయి.

రై హార్బర్: కనబడని సంకేతం

1928 నవంబరు 15 ఉదయం ససెక్స్ తీరంలోని రై హార్బర్‌లో అటువంటి సందర్భమే వచ్చింది. లాట్వియాకు చెందిన ఆలిస్ అనే ఓడ మరో ఓడతో ఢీకొని ఆపదలో ఉన్నదని తెలిసి మేరీ స్టాన్‌ఫర్డ్ అనే లైఫ్‌బోటు 17 మందితో బయలుదేరింది. మోటారు లేని పడవ అది. ఢీకొన్న జర్మన్ ఓడే ఆలిస్ నావికులను కాపాడిందన్న కబురు పడవ నీటిలోకి దిగిన కొద్ది నిమిషాలకే ఒడ్డుకు చేరింది. వెనక్కి రమ్మని సంకేతజ్వాలలు కాల్చారు. ఆ వానలో, ఎగసిన నీటితుంపరలో పడవలోనివారికి అవి కనబడలేదు. కొన్ని గంటల తరువాత తిరిగివస్తూ, రేవుముఖం వద్ద పడవ బోల్తాపడింది. 17 మందీ మరణించారు. వారిలో తండ్రీ ఇద్దరు కొడుకులూ ఉన్నారు. ఆ చిన్న పల్లెలో పడవలోకి ఎక్కగల మగవారిలో అత్యధికులు పోయినట్లే.

పదిహేనుమందిని రై హార్బర్ చర్చి ఆవరణలో ఒకేచోట ఖననం చేశారు. లాట్వియా ప్రభుత్వ ప్రతినిధి అంత్యక్రియలకు హాజరయ్యాడు. ఒక దేహం మూడు నెలలకు ఈస్ట్‌బోర్న్ వద్ద దొరికింది. చుక్కాని పట్టిన నాయకుడి కొడుకులలో ఒకడి దేహం ఎన్నటికీ దొరకలేదు. స్మారకం మాత్రం పదిహేడు పేర్లనూ సమానంగా చెబుతుంది. దేహమున్నవారు, లేనివారు అనే భేదాన్ని అది పాటించదు. లైఫ్‌బోటు నావికుడి రూపంలో ఉన్న ఆ శిల్పానికి రాయి ఐల్ ఆఫ్ మాన్ నుంచి అక్కడి ప్రజల కానుకగా వచ్చింది. జాతీయ సంస్థ స్థాపకుడు విలియం హిల్లరీ నివసించిన దీవి అది. సమీపంలోని విన్చెల్సీ చర్చిలో డగ్లస్ స్ట్రాకన్ రూపొందించిన గాజు కిటికీలలో ఒకటి కూడా వీరి స్మృతికే అంకితమైంది.

విచారణలో ప్రధాన చర్చ లైఫ్‌జాకెట్లపై సాగింది. అవి నీరు పీల్చి బరువెక్కాయని పల్లెవారు నమ్మారు. విచారణ సంఘం ఆ వాదాన్ని అంగీకరించలేదు. బతికినవారు లేనందున పడవ ఎందుకు బోల్తాపడిందో ఊహించవలసిందేనని తేల్చింది. శిలాఫలకం ఈ తగాదాలోకి దిగలేదు. కర్తవ్యం నెరవేర్చారన్న భావాన్ని మాత్రం చెక్కింది. కైస్టర్ విషయంలో వాక్యం ఒక సందేహానికి జవాబిస్తే, ఇక్కడ అది ఒక ప్రశ్నను పక్కకు నెట్టింది. మృతులను గౌరవించడానికి కర్తవ్యం అనే మాట సరిపోతుంది గాని, నాసిరకపు జాకెట్లని అనుమానించిన భార్యలకూ తల్లులకూ అది జవాబు కాదు.

అదే ఏడాది డిసెంబరులో లండన్‌లోని టవర్ హిల్‌పై, ఎడ్విన్ లుటియన్స్ రూపొందించిన వాణిజ్య నావికుల స్మారకాన్ని మేరీ రాణి ఆవిష్కరించింది. మొదటి ప్రపంచయుద్ధంలో సముద్రం తప్ప వేరే సమాధి లేని సుమారు 12,000 మంది పేర్లు అక్కడ కంచుపలకలపై ఉన్నాయి. బ్రిటిష్ ఓడలలో కొలిమి ముందు బొగ్గువేస్తూ, సరుకు మోస్తూ మరణించిన భారతీయ లస్కర్లలో అత్యధికుల పేర్లను అక్కడ గాక ముంబయిలోని నావికుల గృహంలో స్మరించారు. రెండవ యుద్ధంలో పోయిన ఆరువేలకు పైగా భారతీయ నావికుల పేర్లు రాతిపైనా కంచుపైనా లేవు. అవి ఒక పుస్తకంలో ఉన్నాయి. దాని ప్రతి ఒకటి ముంబయిలో, మరొకటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉంది.