భామ్రాగడ్ త్రోవలోని నిలువురాళ్లు

అహేరి నుండి ఆల్లాపల్లి మీదుగా భామ్రాగడ్ పోవు బాటసారులు టేకుచెట్ల యెత్తును మెచ్చుకొందురే గాని, పల్లెల పొలిమేరలలో త్రోవప్రక్కను వరుసగా నిలిచియున్న బండలను గమనింపరు. మనవారిలో పెక్కురు వానిని సరిహద్దురాళ్లని యెంచుచున్నారు. అవి మాడియా గోండుల పితృశిలలు.

గత శీతకాలమున మేము నలువురము భామ్రాగడ్ చెంత బస్సు దిగి, ఒక పూటంతయు తీరికగా నడచితిమి. ఇంద్రావతి, పర్లకోట, పాములగౌతమి అను మూడు నదులు అచ్చట కలియును. ఇంత అడవిలో ఒక యేటి పేరున మన పాములు ప్రాకుచుండుట తెలుగు చెవికి వేడుకయే.

మేము చేరిన పల్లె చిన్నది. వెదురుదడులు, ఇప్పచెట్లు, పందిరి క్రింద ఎండబెట్టిన ధాన్యము. బాటకు కుడివైపున రాళ్లు. కొన్ని మోకాలెత్తువి, కొన్ని నిలువెత్తువి. చెక్కడము లేదు, అక్షరము లేదు. ఒకదాని మొదట మట్టికుండ బోర్లించియుండెను. తెలుగు కొంత నేర్చిన యొక వృద్ధుడు మా వెంట వచ్చి, "ఇది మా నాయన, ఇది మా మామ" అని చూపసాగెను. నాయనది అనలేదు, నాయన అనెను. కచ్చేరీ కాగితముల నడుమ ముసలివారమైన మాకు వ్రాతమీదనే నమ్మకము. "తాతా, పేరు వ్రాసి లేదు గదా, పొరబడరా?" అని యడిగితిమి. ఆయన నవ్వి, వరుసను రెండవ కొసనుండి మరల చెప్పెను. ఒక్క పేరును తప్పలేదు.

పొరుగున నున్న బస్తరు మారియాల ఆచారములను గ్రిగ్సన్ దొర 1938లో ప్రకటించిన గ్రంథమున విపులముగా వర్ణించెను. నిలిపిన రాయి పెరిగినట్లు కనబడినచో పోయిన జీవునకు తృప్తి కలిగినదని అచ్చటివారి నమ్మిక. గోండీలో రాతిని 'కల్' అందురు. మన పెండ్లిలో వధువు పాదము మోపు సన్నికల్లులోని కల్లు అదియే. గోండీ, తెలుగు ఒకే శాఖకు చెందిన భాషలని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

గోదావరికి ఆవల, ములుగు జిల్లా దామరవాయిలో రాక్షసగుళ్లని జనులు పిలుచు ప్రాచీనపు రాతిసమాధులు వందలకొలది గలవు. మల్లూరు, కాటాపురము చెంత సిలువయాకారపు రాళ్లను చూచి, అవి క్రైస్తవులవని ఫెర్గుసన్ 1872లో వాదించెను. ఆ వాదము నిలువలేదు. స్పెయిన్ దేశమునందలి ఆంతెకేరా శిలాసమాధులను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. దామరవాయి రాళ్లే మాడియాల రాళ్లని తొందరపడి చెప్పరాదు. నడుమ రెండువేల యేండ్లకు పైబడిన యెడమున్నది. అయినను ఆంతెకేరాలో గాని దామరవాయిలో గాని రాతిని చూపి "మా నాయన" అనువాడు లేడు. ఇచ్చట ఉన్నాడు.

మనమో, అస్థికలను ప్రాణహితలో కలిపి, కాళేశ్వరమున ఒకే పానవట్టముపై వెలసిన యముని లింగమునకును, ముక్తేశ్వరునకును మ్రొక్కి వత్తుము. 2010లోను, 2022లోను పుష్కరములకు సిరోంచ రేవున తర్పణములు విడిచిన మనలో, మూడు తరములు దాటి పేర్లు చెప్పగలవారెందరు? ఆ వృద్ధుడు అయిదవ తరమును చెప్పెను.

బాట వెడల్పు చేయవచ్చినవారికి వ్రాతలేని రాయి రాయియే. ఏ పటములోను దానికి గుర్తుండదు. తొలగింపక ముందు ఆ పల్లెవారిని అడుగవలెనని చెప్పుటకు, ఉభయుల భాషలును కొంత తెలిసిన మనవారికంటె తగినవారు వేరొకరు లేరు.

వరుస చివర ఒక రాయి గడ్డిలో పడుకొనియుండెను. అది వృద్ధుని తమ్ముడట. ఊరివిందునకు కావలసిన ధాన్యము సమకూడగనే నిలుపుదురట. పోయిన యేడు వానలు సరిగా కురియలేదు.