చట్టం పద్నాలుగేళ్ల దగ్గరే ఆగిపోయింది



మన షోలాపూర్ పూర్వభాగంలో సాఖర్ పేట్ నుంచి విడి ఘర్‌కుల్ దాకా ఏ గల్లీలో అడిగినా ఒక మాట వినిపిస్తుంది: "ఏడో క్లాసు దాకా చదివిన, తర్వాత పనిలోకి పోయిన." పెద్ద వయసు ఆడవాళ్లయితే ఆ మాట కూడా అనరు, నవ్వి ఊరుకుంటారు. పేదరికం, తలరాత అని మనమూ సరిపెట్టుకుంటాం. పేదరికం నిజమే. కానీ దీని వెనక చట్టాల చరిత్ర కూడా ఉంది. కొంచెం ఓపికగా చదవండి.

1877లో మన ఊళ్లో మొదటి మిల్లు వచ్చింది. మనం జూనీ మిల్ అంటామే, అదే. నిజాం ఇలాకా నుంచి వచ్చిన మన తాత ముత్తాతల్లో కొందరు మిల్లుల్లో చేరారు, చాలామంది చేనేత కార్ఖానాల్లో కూర్చున్నారు. 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ల లోపు పిల్లలకు పని వద్దంది. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది గంటలు మించొద్దంది. అంటే ఎనిమిదేళ్ల పిల్లవాడు తొమ్మిది గంటలు పనిచేయవచ్చని చట్టమే ఒప్పుకుంది! అది కూడా యంత్రాలతో నడిచే, వందమందికి తక్కువ కాకుండా పనిచేసే చోటికే వర్తించింది. చేనేత కార్ఖానా ఆ లెక్కలోకే రాలేదు. నాన్న మగ్గం పక్కన కండెలు చుట్టే పిల్లను ఆ చట్టం చూడనే లేదు.

1918లో విఠల్‌భాయ్ పటేల్ చొరవతో బొంబాయి రాష్ట్రంలో ప్రాథమిక విద్య చట్టం వచ్చింది. మున్సిపాలిటీ కోరుకుంటే తన ఊళ్లో చదువును నిర్బంధం చేయవచ్చు. కోరుకుంటేనే!

తర్వాత 1986 బాలకార్మిక చట్టం బీడీల పనిని, నేత పనిని పిల్లలకు నిషేధించిన పనుల జాబితాలో చేర్చింది. మనవాళ్ల రెండు పనులూ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ ఇంట్లో కుటుంబంతో కలిసి చేసే పనికి మినహాయింపు ఇచ్చింది. మన బీడీలు చుట్టేది ఎక్కడ? ఇంట్లోనే కదా. ఆకు కత్తిరించే చిన్న చేతులు మళ్లీ లెక్క తప్పాయి.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. మంచి చట్టం, కాదనను. బడి తప్పిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, పద్నాలుగేళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలని అందులో నాలుగో సెక్షన్ చెబుతుంది. ఎనిమిదితో హక్కు అయిపోయింది. ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్లున్న మన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు అందులో చోటు లేదు.

మరి పెద్దల చదువు సంగతి? 1855లోనే పుణెలో జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే కూలీలకు, రైతులకు రాత్రి బడి పెట్టారు. పగలు పనిచేసేవాళ్లకు బడి రాత్రే ఉండాలని అప్పుడే గ్రహించారు. 1937లో వచ్చిన ఖేర్ మంత్రివర్గం అక్షరాస్యత ఉద్యమం మొదలుపెట్టింది, 1939లో మంత్రివర్గమే దిగిపోయింది. 1978 అక్టోబర్ 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988లో అక్షరాస్యతా మిషన్, 2009లో సాక్షర భారత్, ఇప్పుడు 2022 నుంచి ఉల్లాస్. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది. పైగా వీటి బలమంతా అక్షరాలు, సంతకం దగ్గరే ఎక్కువగా ఖర్చయింది. ఐటీఐలో చాలా ట్రేడ్లలో చేరాలన్నా, ఆఫీసులో ప్యూన్ కావాలన్నా అడిగేది సంతకం కాదు, పదో తరగతి.

చట్టం ఉంటే ఏమవుతుందో కూడా మన రాష్ట్రంలోనే చూశాం. 1989లో మహారాష్ట్ర శాసనసభ చట్టం చేసి నాసిక్‌లో యశ్వంత్‌రావ్ చవాన్ ఓపెన్ యూనివర్సిటీ పెట్టింది. ఎన్ని ప్రభుత్వాలు మారినా అది నిలబడే ఉంది. పై మెట్టుకు చట్టం ఉంది. రాత్రి ప్రశాలలకు మాత్రం జీఆర్‌లే ఆధారం. 2017 మేలో ఒక్క జీఆర్‌తో, పగటి బడిలో పనిచేస్తూ రాత్రి కూడా చెప్పే టీచర్లను తప్పించారు. ఒక కాగితంతో వచ్చేది ఇంకో కాగితంతో పోతుంది.

అందుకే నా మాట ఇది. ఏ వయసులోనైనా పదో తరగతి పూర్తి చేసే హక్కు, దానికి రాత్రి తరగతి, టీచరు, ఇవన్నీ రాష్ట్ర చట్టంలో ఉండాలి. మన ఓట్ల కోసం వచ్చే ప్రతి అభ్యర్థినీ రోడ్డు, నీళ్లతో పాటు ఇదీ అడగాలి.

అప్పటిదాకా రెండు తలుపులు తెరిచే ఉన్నాయి. ఒకటి, రాష్ట్ర బోర్డుకు 17 నంబర్ ఫారంతో ప్రైవేటుగా పరీక్ష రాయడం. రెండోది, జాతీయ ఓపెన్ స్కూల్. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసు పరిమితి లేదు. ఐదు సబ్జెక్టులు, ఐదేళ్లలో తొమ్మిదిసార్లు రాసే అవకాశం. మరాఠీలో రాయవచ్చు, తెలుగులోనూ రాయవచ్చు.

ఫారం నింపడం దగ్గరే మనవాళ్లు ఆగిపోతున్నారు. పాత బడి దాఖలా ఎక్కడ తేవాలో తెలియదు, అడగడానికి సిగ్గు. మన సంఘంలో చదువుకున్న పిల్లలు వారానికి రెండు సాయంత్రాలు కూర్చుంటే ఈ పని అవుతుంది. బీడీలు ఇచ్చి ఇంటికొచ్చే వేళకే పెట్టండి, లేకపోతే ఆడవాళ్లు రాలేరు.

మీ ఇంట్లో పదో తరగతి ఆగిపోయినవాళ్లు ఎవరున్నారో ఈ రోజే అడిగి చూడండి.

జై మార్కండేయ.