పని మనది, పేరెవరిది? – నర్సింగ్‌లో మగవాళ్ల చరిత్ర

నర్సింగ్ అంటే ఆడవాళ్ల వృత్తి అనీ, మగవాళ్లు అందులోకి ఈమధ్యే వచ్చారనీ చాలామంది అనుకుంటారు. నర్సింగ్ కాలేజీలో చేరిన కుర్రవాణ్ణి చూసి నవ్వేవాళ్లూ, అతన్ని కొత్త వింతగా మెచ్చుకునేవాళ్లూ చెప్పేది ఇదే మాట. మేం దీన్ని ఒప్పుకోవడం లేదు. మన ఆస్పత్రుల్లో మగవాళ్లు మొదట్నించీ రోగి పక్కనే వున్నారు. రోగిని ఎత్తి మంచం మీద పడుకోబెట్టింది, మలమూత్రాలు తీసింది, చీము తుడిచింది, చనిపోతే శవాన్ని మోసింది వాళ్లే. కాకపోతే వాళ్లను నర్సులు అనలేదు. ఎందుకనలేదు? ఆడా మగా తేడాలో ఈ ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం కులంలో వుంది.

నర్సింగ్ పాఠ్యపుస్తకాలు మన దేశ చరిత్రను చరక సంహితతో మొదలుపెడతాయి. వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి – చికిత్సకు ఈ నాలుగూ నాలుగు పాదాలని అందులో వుంది. పరిచారకుడికి ఉపచారం తెలియాలి, నేర్పు వుండాలి, రోగి మీద ప్రేమ వుండాలి, శుచి వుండాలి. అదే కాలపు సంప్రదాయంలోని మనుస్మృతి ఏమంది? వైద్యుడి అన్నం చీముతో సమానం, తినకూడదు అంది. చీమూ నెత్తురూ ముట్టిన వైద్యుడికే పంక్తిలో చోటు లేకపోతే, ఆ చీము గుడ్డలు ఉతికినవాడి గతి ఏమిటి? శుచి గ్రంథంలో వుండిపోయింది. మైల మాత్రం కొన్ని కులాల నెత్తిన పడింది. పల్లెల్లో కురుపు కోసిన మంగలీ, పురుడు పోసిన మంత్రసానీ ఆ చరిత్రలో ఎక్కడా కనిపించరు.

ఆధునిక నర్సింగ్‌ను 1860 నుంచి లెక్కిస్తారు. ఆ ఏడు లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేర శిక్షణ పాఠశాల మొదలైంది. ప్రవేశం ఆడవాళ్లకే. బ్రిటన్‌లో 1919 చట్టం నర్సుల రిజిస్టరు పెట్టినా మగవాళ్లను వేరే భాగంలో రాసింది. ఆ గీత చెరిగింది 1949లో. అమెరికా సైన్యం మగ నర్సుకు ఆఫీసరు హోదా ఇచ్చింది 1955లో. అక్కడ మగ నర్సుకు అడ్డుపడింది ముఖ్యంగా ఆడా మగా తేడా. ఇక్కడ దానికి కులం తోడయింది.

మన దేశానికి ఈ వృత్తి సైన్యంతో, మిషనరీలతో వచ్చింది. మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో 1871లో శిక్షణ మొదలైంది. పరాయి మనిషి ఒంటిని ముట్టుకోవడం మైల గనక అగ్రకుల స్త్రీలు చాలాకాలం అటు రాలేదు. ఆంగ్లో ఇండియన్ స్త్రీలూ, క్రైస్తవ స్త్రీలూ వచ్చారు. తెలుగు జిల్లాల్లో క్రైస్తవంలోకి వెళ్లిన మాల మాదిగ కుటుంబాల ఆడపిల్లలకు మిషన్ ఆస్పత్రులు తెల్ల యూనిఫాం ఇచ్చాయి. ఊరు అంటరానివన్న చేతులే ఆస్పత్రిలో ఊరివాళ్లకు సూదిమందు ఇచ్చాయి. వాళ్లు మోసిన నిందలూ తక్కువేం కాదు. అందుకే మగవాళ్ల చరిత్ర రాయడమంటే ఆ అక్కచెల్లెళ్ల మీద పోటీకి దిగడం కాదు.

మరి మన మగవాళ్లు ఎక్కడున్నారు? యుద్ధాల్లో వెతికితే దొరుకుతారు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీ నాటాల్‌లో భారతీయ అంబులెన్స్ దళాన్ని కూడగట్టారు. ఆయన ఆత్మకథలోని లెక్క ప్రకారమే అందులో 1100 మంది. సుమారు 40 మంది నాయకులు, 300 మంది దాకా స్వేచ్ఛగా వున్న భారతీయులు, మిగిలినవాళ్లంతా ఒప్పంద కూలీలు. 1860 నుంచి నాటాల్ చెరుకుతోటలకు వెళ్లిన కూలీల్లో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కిన తమిళులూ తెలుగువాళ్లే. గాయపడ్డ తెల్ల సైనికుల్ని డోలీల మీద రోజుకు 20, 25 మైళ్లు మోసింది ఈ దళం. యుద్ధ పతకాలు మాత్రం నాయకులకు వచ్చాయి. మోసిన భుజాల పేర్లు ఆ పుస్తకంలో లేవు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఈ తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో గాయపడ్డ భారత సిపాయిల్ని ఇంగ్లండు దక్షిణ తీరంలోని ఆస్పత్రులకు చేర్చారు. తెల్ల నర్సులు నల్ల సిపాయిల ఒంటిని ముట్టుకుంటే సామ్రాజ్యం పరువు పోతుందని 1915లో అధికారులు వాళ్లను రోగుల సేవ నుంచి తప్పించి పర్యవేక్షణకు పరిమితం చేశారు. ఇక ముట్టుకునే పని భారతీయ మగ ఆర్డర్లీలదే. బ్రైటన్ రాజభవనాన్ని ఆస్పత్రిగా మార్చి కులానికీ మతానికీ తగ్గట్టు తొమ్మిది వంటశాలలు పెట్టారు. పాకీపనికి అంటరానివాళ్లను తెచ్చారు. అంటే సముద్రం దాటినా వర్ణధర్మం చెక్కుచెదరలేదు.

బ్రోకెన్‌హర్స్ట్ గ్రామంలోని లేడీ హార్డింజ్ ఆస్పత్రిలో పాకీపని చేసిన బరేలీ మనిషి సుఖా 1915 జనవరిలో అక్కడే చనిపోయాడు. అంటరానివాడని హిందువులు దహనం చేయలేదనీ, తమవాడు కాదని ముస్లింలు ఖననం చేయలేదనీ, చివరికి ఆ ఊరి చర్చి ఆవరణలో చోటిచ్చారనీ చెబుతారు. సమాధి రాయి ఇప్పటికీ వుంది. అదే యుద్ధంలో, 1914లో, లండన్‌లోని భారతీయ విద్యార్థులు గాంధీ పిలుపు మీద నెట్లీ ఆస్పత్రిలో సిపాయిలకు ఉపచారం చేశారు. వాళ్ల సంగతి ఆత్మకథకెక్కింది. సుఖాకు రాయి మిగిలింది. చదువుకున్నవాడు చేస్తే సేవ, మనవాడు చేస్తే పాకీపని. మన చరిత్ర పుస్తకాలు నడిచేది ఈ సూత్రం మీదే.

ఈ అంతస్తుల్ని తర్వాత చట్టం గట్టిపరిచింది. 1943 మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఆర్డినెన్స్ సైన్యంలో నర్సింగ్ ఆఫీసరు హోదాను స్త్రీలకే ఇచ్చింది. అదే పని చేసే మగవాడు నర్సింగ్ అసిస్టెంటు, సిపాయి వరుసలో వుంటాడు. 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక ప్రకారం అప్పటి దేశం మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులు, 43,000 జనాభాకు ఒకరు. మరి వార్డుల్లో పడివున్న రోగుల్ని ఎవరు చూశారు? ఇంటివాళ్లు చూశారు. వార్డుబాయిలు, డ్రెస్సర్లు, ఆయాలు, తోటీలు చూశారు. రిజిస్టరుకెక్కనివాళ్ల భుజాల మీదే ఆస్పత్రి నడిచింది.

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాస్పత్రుల్లో ఒక పోస్టు పేరే దీనికి సాక్ష్యం – మేల్ నర్సింగ్ ఆర్డర్లీ. వాడుకలో ఎం.ఎన్.ఓ., ఆడవాళ్లయితే ఎఫ్.ఎన్.ఓ. పక్కనే తోటీ, స్వీపరు. ఊళ్లో వెట్టిచాకిరీకి పెట్టిన తోటి అన్న పేరునే సర్కారు ఉద్యోగానికి కూడా పెట్టింది! ఎం.ఎన్.ఓ. స్ట్రెచర్ తోస్తాడు, బెడ్‌పాన్ పెడతాడు, ఆపరేషన్‌కు ముందు రోగిని సిద్ధం చేస్తాడు, కదలలేనివాణ్ణి పక్కకు ఒత్తిగిలపెడతాడు. ఇందులో నర్సింగ్ కానిదేది? పోస్టు పేరులోనే నర్సింగ్ వుంది. అయినా అతను నాలుగో తరగతి ఉద్యోగి. ముప్ఫై ఏళ్లు చేసినా ఆ అనుభవం నర్సుగా రిజిస్టరు కావడానికి అర్హత కాదు.

2016లో కేంద్ర ప్రభుత్వం స్టాఫ్ నర్సు పేరును నర్సింగ్ ఆఫీసరుగా మార్చింది. మంచిదే. 2019లో ఎయిమ్స్ సంస్థల నర్సింగ్ ఆఫీసరు పోస్టుల్లో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 20 శాతమని నిర్ణయించారు. దాని మీద మగ నర్సులు గొంతెత్తారు. వాళ్ల బాధను కాదనం. మన పిల్లలూ అందులో వున్నారు. కానీ ఈ వాదంలో ఆర్డర్లీ మాట ఎవరూ ఎత్తడం లేదు. పైమెట్టు మీద ఆడా మగా వాటాల తగవు నడుస్తుంటే, కిందిమెట్టునున్న పోస్టులు కాంట్రాక్టుకూ ఔట్‌సోర్సింగ్‌కూ పోతున్నాయి. పనిలో మైల అలాగే వుంది. దానితోపాటు దక్కిన పర్మినెంటు జీతం, పింఛను, రోస్టరు మాత్రం పోతున్నాయి. ఆ జీతంతో, ఆ పింఛనుతో పిల్లల్ని చదివించుకున్న ఇళ్లు మన పేటల్లో ఎన్నో వున్నాయి. ఆ తలుపు ఇప్పుడు మూసుకుపోతోంది.

అందుకే రెండు పనులు జరగాలని మేం అంటున్నాం. ఒకటి, ఆర్డర్లీగా పనిచేసినవాళ్లు చదువుకుని నర్సు కావడానికి దారి వుండాలి. వాళ్ల అనుభవానికి సీట్లలో లెక్క వుండాలి. రెండోది మన చేతిలోనే వుంది. రిటైరైన ఎం.ఎన్.ఓ.లు, తోటీలు, డ్రెస్సర్లు ఇంకా మన పేటల్లో బతికే వున్నారు. వాళ్ల దగ్గర అపాయింట్‌మెంట్ ఆర్డర్లు, పాత ఫోటోలు, కలరా రోజుల జ్ఞాపకాలు వున్నాయి. విద్యార్థులు వాళ్ల దగ్గర కూర్చోవాలి, అడగాలి, రాసుకోవాలి. టీచర్లు దాన్ని పాఠం చేయాలి. ఆ మనుషులు పోతే ఆ కాగితాలు చిత్తుకాగితాల్లో కలుస్తాయి. నర్సింగ్ పుస్తకాలు మళ్లీ చరకుడితోనే మొదలవుతాయి.