వేటగాడికి పులికన్నా నక్క భయం

మీరు 1880 ప్రాంతంలో నీలగిరి కొండల మీద వేటకు బయలుదేరారనుకోండి. చేతిలో తుపాకి, వెంట వేటకుక్కలు. ఊటీలోని తెల్లదొరలకు ఇది పెద్ద వేడుక. ఇంగ్లండులో గుంటనక్కలను తరిమే వినోదాన్ని ఇక్కడ మన మామూలు నక్కలతో సరిపెట్టుకున్నారు. అడవిలో మీరు దేనికి భయపడతారు? పులికి, ఎలుగుబంటికి, పాముకు. కాని పట్టపగలు మనిషిని చూసి కూడా బెదరకుండా తూలుతూ ఎదురువచ్చే నక్క వీటన్నిటికన్నా ప్రమాదకరం. అది పెట్టే గాటు చిన్నదే. వారంలో మానిపోతుంది, మీరూ మరిచిపోతారు. నెలో, రెండు నెలలో గడిచాక ఒకనాడు గ్లాసు నోటి దగ్గరికి తీసుకోగానే గొంతు బిగుసుకుపోతుంది. ఆ స్థితికి వచ్చినవాడు బతకడం అప్పుడూ లేదు, ఇప్పుడూ దాదాపు లేదు.

అడవికీ ఇంటికీ మధ్య వంతెన వేటగాడి సొంత కుక్కే. నక్కతోనో ఊరకుక్కతోనో కలబడి కాటు తిన్న కుక్క సాయంత్రానికి మీ పిల్లల పక్కన పడుకుంటుంది.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహిత కల్పస్థానంలో పిచ్చెక్కిన కుక్క, నక్క, ఎలుగుబంటి, పులి వంటి జంతువుల కాటు ప్రస్తావన ఉంది. నీటిని చూసి భయపడే రోగి ఇక దక్కడని కూడా అక్కడే చెప్పారు. గాయం నుంచి రక్తం కార్చి, కాగిన నేతితో కాల్చమన్నది చికిత్స. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా డాక్టర్లు చేసిందీ ఇంచుమించు అదే. నేతికి బదులు ఎర్రగా కాల్చిన ఇనుమో, సిల్వర్ నైట్రేటో వాడారు. పద్ధతి మోటుదే అయినా ఆలోచన పూర్తిగా తప్పు కాదు. విషం గాయం దగ్గర ఉండగానే చంపాలన్నది సరైన ఊహే.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుణ్ణి తీసుకువచ్చారు. పిచ్చికుక్క కరిచింది. వ్యాధి సోకిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి, బాగా ఎండిన దానితో మొదలుపెట్టి రోజురోజుకూ తాజా దానితో సూదులు వేశారు. బాలుడు బతికాడు. మరుసటి ఏడు రష్యాలోని స్మొలెన్స్క్ నుంచి పిచ్చి తోడేలు కరిచిన 19 మంది రైతులు పారిస్ చేరారు. పదహారు మంది బతికారు, ముగ్గురు పోయారు. తోడేలు ముఖం మీదికి, తల మీదికి లంఘిస్తుంది. వైరస్ నరాల వెంట మెదడుకు పాకుతుంది కాబట్టి గాయం మెదడుకు ఎంత దగ్గరైతే గడువు అంత తక్కువ. కాలి మీద కరిస్తే టీకాకు వ్యవధి దొరుకుతుంది. చెంప మీద కరిస్తే ఆ వ్యవధి కరిగిపోతుంది.

మరి మన దేశంలో కరిచినవాళ్ల గతి? సైనికులను, అధికారులను ఓడెక్కించి పారిస్ పంపేవారు. వారాల ప్రయాణం. రైతుకు, గొర్రెల కాపరికి ఆ ఓడా లేదు. 1900లో హిమాలయ పాదాల దగ్గర కసౌలీలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కూనూరు సంస్థకు హెన్రీ ఫిప్స్ అనే అమెరికా సంపన్నుడి విరాళం తోడ్పడింది. (హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది ఆ కూనూరు సంస్థలోని ఒక గదిలోనే. అది 1958లో ఇటు తరలివచ్చింది.)

కసౌలీ తొలి డైరెక్టరు డేవిడ్ సెంపుల్ 1911లో వెలువరించిన పద్ధతి దేశం రూపు మార్చింది. వ్యాధి సోకిన జంతువు మెదడు రసంలోని వైరస్‌ను కార్బాలిక్ ఆమ్లంతో చంపి టీకాగా వాడడం దాని కిటుకు. దాన్ని సీసాల్లో ఎంత దూరమైనా పంపవచ్చు. రోగి కొండెక్కే పని తప్పింది. మీలో నలభై దాటినవారికి బొడ్డు చుట్టూ వేసే ఆ పద్నాలుగు సూదులు గుర్తుండే ఉంటాయి. తరువాతి కాలంలో అవి గొర్రె మెదడు నుంచి తయారైనవే. లక్షల మందిని కాపాడిన మాట నిజం. కాని ఆ రసంలో నరాల పైపొర మైలిన్ కూడా ఉంటుంది. శరీరం దానిమీద తిరగబడితే కొందరికి పక్షవాతం వచ్చేది, కొందరు చనిపోయారు. కణాల్లో పెంచిన మేలైన టీకాలు 1970ల నాటికే వచ్చినా మన దేశంలో ఈ పాత టీకా తయారీ ఆగింది 2004 చివరలో. ఇంత ఆలస్యానికి ఖరీదు ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. సూదుల భయంతో ఆస్పత్రి వైపే రాకుండా పసరు కట్టించుకున్నవారి ప్రాణాలను ఎవరూ ఆ ఖరీదులో లెక్కించలేదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చాక వేట నేరమైంది. కాని తేనె కోసం, మేత కోసం, ఉద్యోగం మీద అడవికి వెళ్లేవారు ఉన్నారు. పొలిమేర కుక్కలు వారి వెంట ఉన్నాయి. కరిస్తే కారం, సున్నం పూయకండి. పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. సబ్బు ఈ వైరస్ కొవ్వు పొరను ఛిద్రం చేస్తుంది. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. కండకు వేసే టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో. రక్తం కారిన గాయమైతే గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. అడవిలోనే పనిచేసేవారు ముందుగానే టీకా వేయించుకోవచ్చు. ఆ టీకాలు పూర్తయినవారికి కాటు తగిలిన రోజున ఒకటి, మూడో రోజున ఒకటి, రెండు సూదులు చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కరలేదు.